28వ ఔటు

మన క్రికెట్ స్కోర్‌కార్డు లాంటిదే బేస్‌బాల్‌లో బాక్స్ స్కోర్. 2010 జూన్ 2, డెట్రాయిట్‌లో క్లీవ్‌లాండ్‌తో ఆట. పిచర్ గలరాగా పేరు పక్కన 88 బంతులు, 1 హిట్ అని ఉంటుంది. ఆ ఒక్క హిట్టే అబద్ధం! వరసగా 26 మందిని ఔట్ చేశాడు. 27వ వాడూ ఔటే, కానీ అంపైర్ జిమ్ జాయిస్ సేఫ్ అన్నాడు. ప్రత్యర్థి ఒక్కడూ బేస్ చేరని 'పర్‌ఫెక్ట్ గేమ్' అలా పోయింది.

రీప్లే చూశాక జాయిస్ ఏడ్చాడు, క్షమాపణ చెప్పాడు. కమిషనర్ సెలిగ్ మాత్రం రికార్డు మార్చలేదు. బగ్ అని తెలిసీ ప్రొడక్షన్ డేటా ముట్టుకోనివ్వని మేనేజర్లు మనకి కొత్తా ఏంటి? 2014లో ఇలాంటి నిర్ణయాలకి రీప్లే రూలొచ్చింది, కానీ పాత ఆటకి కాదుగా. నన్నడిగితే మార్చాల్సిందే. ఆ తర్వాత ఆడింది ఒక్క బ్యాటరే, అతనూ ఔటే. ఒక్క వరస తీసేస్తే స్కోరు 3-0 అలాగే ఉండేది.