గ్యాస్ గీజర్ బాత్‌రూమ్‌లో ఉందా? వాసన రాలేదని ధీమా వద్దు

వంటగ్యాస్ లీకైతే ముక్కుకు తెలుస్తుంది. అందులో ఇథైల్ మెర్కాప్టాన్ కలిపేది అందుకే. గీజర్‌తో ముప్పు వేరు. తలుపులు మూసిన చిన్న బాత్‌రూమ్‌లో ఆక్సిజన్ చాలకపోతే గ్యాస్ పూర్తిగా కాలదు, కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దానికి రంగూ లేదు, వాసనా లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. తలనొప్పి, కళ్లు తిరగడం, వికారం... నీరసమేలే అనుకుని స్నానం చేస్తూ ఉండిపోతే స్పృహ తప్పొచ్చు. వెంటనే బయటికి రండి, గీజర్ ఆపించండి, 108కి ఫోన్ చేయండి.

అసలు గీజర్‌ను బాత్‌రూమ్ బయట, గాలి ఆడేచోట పెట్టించి వేడినీళ్లను పైపుతో లోపలికి తెచ్చుకోవాలి. ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉందిగా అంటారా? బయటిగాలి వచ్చే దారి లేకపోతే అదొక్కటే చాలదు. మంట నీలంగా కాక పసుపుగా ఉంటే వాడకం ఆపి మెకానిక్‌ను పిలవండి. గ్యాస్ వాసన వస్తే మాత్రం 1906కు చెప్పండి, 24 గంటలూ పలుకుతుంది.