పైన పటారం, లోన సుద్ద

మన భాషలో 'గిల్టు' అన్న మాట చెడ్డపేరు మోస్తోంది. గిల్టు నగ అంటే దొంగ నగ. ఇంగ్లీషులో ఆ మాటకు బంగారు పూత పూసినది అని మాత్రమే అర్థం, అందులో నింద ఏమీ లేదు. మన దగ్గరికి నగల బజారు దారిన వచ్చింది కాబట్టి అనుమానాన్ని కూడా వెంటబెట్టుకొచ్చింది. పైన పటారం, లోన లొటారం అన్న సామెత అప్పటికే ఉండనే ఉంది. రెండూ చక్కగా జతకలిశాయి.

పూతపని చేసేవాళ్ల లెక్క వేరు. పాత యూరోపియన్ చిత్రపటం చుట్టూ ఉండే బంగారు ఫ్రేము ఎక్కడైనా విరిగితే ఆ విరుపు దగ్గర కన్ను పెట్టి చూడండి. అడుగున కర్ర, దాని మీద దళసరిగా తెల్లటి సుద్ద, సుద్ద మీద పల్చగా ఎర్రమట్టి, అన్నిటికీ పైన బంగారం. ఆ బంగారు రేకు మందం సుమారు మైక్రానులో పదోవంతు. కింద సుద్ద మిల్లీమీటరు మందం ఉంటే బంగారం అందులో పదివేలో వంతు. మెరుపు బంగారానిది కావచ్చు కానీ నునుపు, ఒంపు, ఆ మెరుపులోని వెచ్చదనం అన్నీ కింది పొరలవే. ఈ కళ చరిత్రను బంగారం వైపు నుంచి చెబితే రాజుల డాబు కథ అవుతుంది. అందుకే సుద్ద వైపు నుంచి చెబుతాను.

ఈజిప్టు వాళ్లకు ఈ కిటుకు తెలుసు. 1922లో బయటపడ్డ టుటన్‌ఖామున్ సమాధిలో అసలు బంగారు పేటికతో పాటు, కర్రకు సుద్దపూత వేసి పైన బంగారం తొడిగిన మందిరాలూ ఉన్నాయి. రోమను రచయిత ప్లినీ ఒకటో శతాబ్దంలోనే లెక్క రాసిపెట్టాడు: ఒక ఔన్సు బంగారాన్ని కొడితే నాలుగు వేళ్ల వెడల్పు రేకులు 750కి పైగా వస్తాయని. ఇక్కడ కొట్టడమంటే నిజంగా సుత్తితో కొట్టడమే. తర్వాతి కాలంలో రేకుకూ రేకుకూ మధ్య ఎద్దుపేగు పైపొర పెట్టి, కట్టకట్టి బాదేవారు. హైదరాబాదు పాతబస్తీలో మిఠాయిల మీదికి వెండి వరఖ్ రేకులు కొట్టే చప్పుడు విన్నవాళ్లకు ఈ పని గురించి కొత్తగా చెప్పనక్కర్లేదు.

పద్ధతిని పూసగుచ్చినట్టు రాసి పెట్టినవాడు చెన్నీనో చెన్నీనీ. 1400 ప్రాంతంలో ఇటాలియన్‌లో ఒక చేతిపుస్తకం రాశాడు. ఇతని గురువు అన్యోలో గద్ది, ఆయన తండ్రి తద్దేయో, తద్దేయోకు గురువు జోత్తో. అంటే పుస్తకం ఒకరిదే అయినా అందులోని చేతివాటం నాలుగు తరాలది. చదువుతుంటే పనిశాలలో పక్కన నిలబడి ఎవరో గదమాయిస్తున్నట్టు ఉంటుంది.

ముందు కర్ర పలకకు తోలు ముక్కలు ఉడికించి తీసిన జిగురు పట్టించాలి. తర్వాత జిప్సం. మొదట ముతకది, పైన మెత్తనిది. ఆ మెత్తని జిప్సం తయారు చేయడానికి దాన్ని తొట్టి నీళ్లలో నెల రోజులు నానబెట్టి, రోజూ కలుపుతూ ఉండాలి. లేకపోతే అది గడ్డకట్టే గుణాన్ని వదులుకోదు. నెల తర్వాత పట్టులాగా మెత్తబడుతుంది. దాన్ని జిగురుతో కలిపి ఎనిమిది పూతలు వేయాలి, ఆరాక గీకి చదును చేయాలి. మన ఇళ్లకు రంగులేసేవాళ్లు లప్పం పెట్టి ఉప్పుకాగితం రుద్దుతారే, సూత్రం అదే. ఓపికలోనే తేడా. ఆల్ప్స్‌కు ఉత్తరాన జిప్సం బదులు మామూలు సుద్ద వాడేవారు. ఒక ఫ్రేము ఇటలీదా, ఉత్తరాదిదా అన్న వాదన వస్తే ఇప్పటి ప్రయోగశాలలు బంగారాన్నే కాదు, కింది తెలుపునూ పరీక్షిస్తాయి.

సుద్ద మీద ఎర్రమట్టి. దాన్ని గుడ్డు తెల్లసొనతో కలిపి నాలుగు సార్లు పూయమంటాడు చెన్నీనీ. ఈ మట్టి మెత్తగా ఉండి, పైన రాయిపెట్టి నొక్కితే కొద్దిగా అణుగుతుంది. బంగారానికి అద్దం లాంటి మెరుపు రావడానికి కారణం ఈ అణకువే. ఆ తర్వాత ఆ చోటు తడిపి, ఉడుత వెంట్రుకల పల్చటి కుంచెతో రేకును ఎత్తి, నీటి మీద వదులుతారు. కుంచెకు రేకు అంటుకోవాలంటే కాస్త జిడ్డు కావాలి, అందుకు కుంచెను పనివాడు తన చెంపకు రాసుకుంటాడు. తడి మట్టి రేకును ఒక్క క్షణంలో లోపలికి గుంజుకుంటుంది. ఆ క్షణంలో ఎవరూ తుమ్మకూడదు, తలుపు తెరవకూడదు. ఆరీ ఆరకుండా ఉన్నప్పుడు మెరుగుపెట్టాలి. మెరుగుపెట్టడానికి హెమటైట్ రాయి, లేదంటే కుక్క, సింహం, తోడేలు, పిల్లి వంటి మాంసం తినే జంతువు పన్ను పనికొస్తుందని చెన్నీనీ రాశాడు. సింహం పన్ను ఎక్కడ దొరికేదో మాత్రం రాయలేదు. తర్వాతి కాలంలో అగేటు రాయి ఆ స్థానం తీసుకుంది, ఇవాళ్టికీ అదే.

రేకు కొట్టేవాళ్ల మీద ఆయనకు ఒక ఫిర్యాదు కూడా ఉంది. ఒక్క డ్యూకట్ నాణెం నుంచి వాళ్లు 145 రేకులు లాగుతున్నారు, చదును పనికి వందకు మించకూడదు అంటాడు. నాణెం పారేసిన ధనికుడికి ఈ తేడా కనపడదు. మెరుగురాయి పట్టుకున్న చేతికే తెలుస్తుంది.

ఆ కాలంలో ఫ్రేము వేరు, బొమ్మ వేరు కాదు. పలకా చట్రమూ ఒకే కర్రపని, రెండిటికీ సుద్ద ఒకేసారి పూసేవారు, బంగారం ఒకేసారి అతికేవారు. 1423లో జెంతీలే దా ఫబ్రియానో ఫ్లోరెన్సులో చిత్రించిన 'జ్ఞానుల ఆరాధన'లో రాజుల కిరీటాలు, గుర్రాల జీనుసామగ్రి సుద్దతో ఉబ్బెత్తుగా పోసి, పైన బంగారం అద్దినవి. తంజావూరు బొమ్మ చూసినవాడికి ఈ చిత్రం ముందు నిలబడగానే బంధువు ఇంటికి వచ్చినట్టు ఉంటుంది. 

పన్నెండేళ్లు గడిచేసరికి ఈ కళ చరిత్ర ఒక మలుపు తిరిగింది. 1435లో ఇటలీ పండితుడు ఆల్బెర్తి తన చిత్రకళా గ్రంథంలో ఒక కొత్త వాదన పెట్టాడు: బొమ్మలో బంగారం కనిపించాల్సిన చోట బంగారం అంటించడంలో గొప్పేముంది, రంగులతోనే బంగారం భ్రమ కలిగించేవాడే చిత్రకారుడు. అయితే బొమ్మ చుట్టూ ఉండే స్తంభాలు, పీఠాలు, కమానులకు బంగారం పెట్టుకోవచ్చని ఒప్పుకున్నాడు. నా దృష్టిలో ఫ్రేము అనే వస్తువు విడిగా పుట్టింది ఆ మినహాయింపులోంచే. చిత్రం నుంచి వెళ్లగొట్టిన బంగారం చిత్రం అంచుకు వచ్చి కాపురం పెట్టింది. పనివాడి హోదా కూడా దానితోపాటు అంచుకే వెళ్లింది. చిత్రకారుడు కళాకారుడయ్యాడు, పూతపనివాడు పూతపనివాడిగానే మిగిలాడు.

తర్వాతి రెండున్నర శతాబ్దాలూ చూడటానికి వైభవంగా ఉంటాయి కానీ పద్ధతిలో కొత్త తక్కువ. 14వ లూయీ కాలం ఫ్రెంచి వాళ్లు మాత్రం ఒక సొగసు చేర్చారు. చెక్కిన ఆకులూ పువ్వులూ సుద్ద పూతలతో మొద్దుబారిపోతాయి కదా. అందుకని ఆరిన సుద్దలోనే సన్నటి ఉలులతో ఈనెలు, జాలీలు తిరిగి చెక్కేవారు. మనం మెచ్చుకునే ఆ నాజూకు చాలావరకు కర్రలో లేదు, సుద్దలో ఉంది. దాన్ని 'శుభ్రం' చేయబోయి కర్ర దాకా గీకేసిన ఫ్రేములకు ఇక ఏ నాజూకూ మిగలదు.

18వ శతాబ్దం చివర ఇంగ్లండులో చెక్కుడే అక్కర్లేని ఉపాయం ప్రబలింది. సుద్ద, జిగురు, రజను, అవిసెనూనె కలిపి పిండిలా పిసికి, కర్ర అచ్చుల్లో ఒత్తి, వేడిగా ఉండగానే ఫ్రేముకు అతికించేవారు. వాస్తుశిల్పి రాబర్ట్ ఆడమ్ ఇళ్ల అలంకరణలో ఇది విరివిగా వాడారు. చెక్కేవాడి నెల రోజుల పని ఒక పూటకు కుదిరింది. పిండి ఆరేకొద్దీ కుంచించుకుని అడ్డంగా బీటలిస్తుంది. 19వ శతాబ్దపు ఫ్రేముల మీద సమదూరంలో కనిపించే ఆ పగుళ్లే వాటి జన్మపత్రిక.

లోహం మీది పూత కథ ఇంకోలా నడిచింది, అది కాస్త విషాదం. కంచుకు బంగారం పట్టించాలంటే పాదరసంలో బంగారం కరిగించి, ముద్దగా పూసి, కాల్చి, పాదరసాన్ని ఆవిరిగా పోగొట్టేవారు. ఆ ఆవిరి పీల్చినవాళ్ల చేతులు వణికేవి, పళ్లు ఊడేవి. ప్యారిస్‌లో కంచుపనికి పేరుపడ్డ రవ్రియో 1814లో చనిపోతూ, పూతపనివాళ్లను పాదరసం నుంచి కాపాడే ఉపాయం కనిపెట్టినవాళ్లకు 3000 ఫ్రాంకుల బహుమతి రాసి పెట్టాడు. పొగ బయటికి లాగే కొలిమి కట్టి దార్సె అనే రసాయనవేత్త దాన్ని 1818లో గెలుచుకున్నాడు. 1840లో ఇంగ్లండులో ఎల్కింగ్టన్‌లు విద్యుత్తుతో పూతపూసే పద్ధతికి పేటెంటు తీసుకున్నాక పాదరసం పని వెనకపట్టు పట్టింది.

ఇక ఫ్రేములకు అసలు శత్రువు దోచుకునేవాడు కాదు, బాగుచేసేవాడు. తడి మట్టి మీద రేకు అతికే ఈ నీటి పూత నీళ్లకే కరుగుతుంది. జిగురు, మట్టి, సుద్ద మూడూ తడికి లొంగేవే. ఇది తెలియక విక్టోరియా కాలపు ఇళ్లలో ఫ్రేములను తడిగుడ్డతో తుడిచారు, ఈగలు వాలకుండా ఉల్లిపాయలు ఉడికించిన నీళ్లు రాశారు. తుడిచిన ప్రతిసారీ బంగారం కొంచెం పోయి, ఎర్రమట్టి బయటపడేది. అది చూసి ఇత్తడి పొడి కలిపిన 'బంగారు రంగు' డబ్బా కొని కుంచెతో లాగించేవారు. ఇత్తడిలోని రాగి కొన్నేళ్లకు మసిబారి, పచ్చబడుతుంది. మా ఇంట్లో తాతగారి కాలం నాటి లక్ష్మి పటం ఫ్రేముకు ఇదే జరిగింది. ఒక పటాల కొట్టువాడు 'కొత్తదానిలా చేసిస్తా'నన్నాడు, చేసి ఇచ్చాడు కూడా. మూడేళ్లకు అమ్మవారి చుట్టూ పాచి పట్టినట్టయింది.

పెద్ద మ్యూజియాలు చేసింది ఇంతకంటే గొప్పగా ఏం లేదు. చాలాకాలం ఫ్రేమును సామాను కింద లెక్కగట్టారు. చిత్రానికి ఇన్వెంటరీ నంబరు ఉండేది, ఫ్రేము మారితే అడిగేవాడు ఉండేవాడు కాదు.

ఆలోచన మారింది ఇటలీలో. 1939లో రోమ్‌లో కేంద్ర పునరుద్ధరణ సంస్థ మొదలైంది. దాని తొలి సారథి చెసరే బ్రాంది పట్టుబట్టిన సూత్రం: పోయిన చోటు పూరించవచ్చు, కానీ దూరానికి కలిసిపోయి, దగ్గరికి వస్తే తెలిసిపోవాలి. అందుకు నిలువు సన్నగీతలతో రంగు నింపే పద్ధతి వచ్చింది. 1966 నవంబరు 4న ఆర్నో నది ఫ్లోరెన్సును ముంచాక ఈ సూత్రానికి అసలు పరీక్ష ఎదురైంది. నీళ్లు తగిలితే చాలు జిగురు వదిలే పలకలు వందల సంఖ్యలో బురదలో నానాయి. ఊడిపోయిన బంగారం చోట మళ్లీ బంగారం అతికిస్తే అది అబద్ధమవుతుంది, వదిలేస్తే తెల్లటి సుద్ద గాయంలా కన్ను పొడుస్తుంది. అప్పుడు అక్కడి వాళ్లు పసుపు, ఎరుపు, ఆకుపచ్చ గీతలను పక్కపక్కన అల్లి, బంగారం లేకుండా బంగారం మెరుపు తెప్పించారు. ఆల్బెర్తి అడిగింది ఐదువందల ఏళ్ల తర్వాత మరమ్మతు బల్ల మీద నెరవేరింది అనుకుంటాను.

అదే వరదలో శిల్పి గిబెర్తి చేసిన బంగారు పూత కంచు తలుపుల నుంచి ఐదు పలకలు ఊడిపడ్డాయి. 1425 నుంచి 1452 దాకా చేసిన పని అది. దాన్ని శుభ్రం చేసి మళ్లీ చూపించడానికి 2012 దాకా పట్టింది, ఆ పునరుద్ధరణకూ సరిగ్గా అన్నే, 27 ఏళ్లు పట్టాయి. బంగారం కింద కంచు చిలుము పట్టి, రేణువులుగా ఉబ్బి, పైపూతను చీలుస్తోందని తేలింది. అందుకే అసలు తలుపులు ఇప్పుడు గాలి సోకని అద్దాల వెనక ఉన్నాయి, వీధిలో ఉన్నవి నకళ్లు.

ఇప్పటి ఫ్రేము సంరక్షకుల పని చూస్తే విసుగుపుట్టేంత నెమ్మది. అడుగు అంచున, ఎవరికీ కనపడని చోట, అగ్గిపుల్లంత దూదిపుల్లతో పరీక్ష. ఈ పొర నీటి పూతా, రేకును నూనెతో అతికిన నూనె పూతా? నూనె పూత నీళ్లకు ఓర్చుకుంటుంది కానీ ద్రావకాలకు లొంగిపోతుంది, నీటి పూత దీనికి సరిగ్గా తిరగేసి. ఒకే ఫ్రేము మీద రెండూ పక్కపక్కన ఉండటం మామూలే, మెరిసే చోట ఒకటి, మెరుపు తగ్గి ఉండాల్సిన చోట రెండోది. ఇత్తడి రంగు పొర మెల్లగా వదిలితే కింద పాత బంగారం తరచూ క్షేమంగా కనిపిస్తుంది. చాలాసార్లు అక్కడితో ఆపేయడమే పని. అరిగిన చోట ఎర్రమట్టి తొంగిచూస్తే చూడనిస్తారు.

ఆరుబయటి కట్టడాల దగ్గర ఈ నిగ్రహం కుదరదు. ప్యారిస్ ఇన్వాలీద్ గుమ్మటానికి 1989లో తిరిగి పూత వేశారు. అంత పెద్ద గుమ్మటానికీ పట్టిన బంగారం సుమారు 12 కిలోలే. వర్సాయిలో విప్లవకాలంలో మాయమైన రాజద్వారాన్ని 2008లో లక్ష రేకులతో కొత్తగా నిలబెట్టారు. అది మరమ్మతు కాదు, మళ్లీ నిర్మించడం. పని అద్భుతమే, కానీ దాన్ని పునరుద్ధరణ అనడానికి నాకు నోరు రాదు.

మన ఆలయాలకు ఈ పేచీ లేదనిపిస్తుంది. జీర్ణోద్ధరణ మన సంప్రదాయంలో పుణ్యకార్యం, దేవుడి గోపురం వెలవెలబోతే పాతదనాన్ని మెచ్చుకుంటూ కూర్చోం. తిరుమల ఆనందనిలయ విమానానికి కృష్ణదేవరాయలు 30,000 వరహాలు ఇచ్చి 1518లో పూత పూయించాడు. 1958లో మళ్లీ చేయించారు. అయితే 2008లో ఆలయ గోడలకు కూడా బంగారు తాపడం చేయించే పథకం మొదలైంది. ఆ గోడల మీద శాసనాలున్నాయి. తిరుమల, తిరుపతి శాసనాలు వెయ్యికి పైగా, ఎక్కువ తమిళం, కొన్ని తెలుగు, కన్నడం. రేకులు బిగిస్తే రాతకు హాని అన్న వాదనతో వ్యవహారం హైకోర్టుకు వెళ్లింది, 2010లో కోర్టు ఆపేసింది. రాయలవారు విమానానికి బంగారం పెట్టించిన సంగతి మనకు తెలిసింది కూడా అలాంటి రాతిరాత వల్లే. ఆయన పెట్టించిన బంగారం ఇప్పుడు అక్కడ లేదు.