నేల మొక్కల పూర్వీకుడు ఎవరు? నాచు జన్యువుల వందేళ్ల అన్వేషణ

వరి, వేప, మర్రి మొదలుకొని తడిగోడ మీద మొలిచే మాస్ దాకా నేల మీది మొక్కలన్నీ ఆకుపచ్చ శైవలాల వంశానివే. రెండింటిలోనూ ఉండేది 'ఎ', 'బి' రకాల పత్రహరితమే. రెండూ పిండిపదార్థాన్ని హరితరేణువు లోపలే దాచుకుంటాయి. అందుకే ఈ చుట్టరికం మీద 20వ శతాబ్దపు వృక్షశాస్త్రజ్ఞుల్లో పెద్దగా తగవు లేదు. తగవంతా వేల జాతుల శైవలాల్లో మొక్కలకు అందరికంటే దగ్గరి చుట్టం ఏదన్న దాని మీదే నడిచింది. చేతికి కొత్త పరికరం వచ్చిన ప్రతిసారీ జవాబు మారుతూ వచ్చింది. అందులో అతి తక్కువగా చెప్పుకునే అధ్యాయం మైటోకాండ్రియాది.

మొదట్లో ఆధారం ఆకారమే. శైవలాల మీద రెండు సంపుటాల బృహద్గ్రంథం రాసిన లండన్ శాస్త్రవేత్త ఎఫ్.ఇ. ఫ్రిట్ష్, కొంత నేలమీద పాకుతూ కొంత నిటారుగా లేచే శైవలాల నుంచే మొక్కలు పుట్టి ఉంటాయని భావించాడు. ఆయన దగ్గర పరిశోధన చేసిన మద్రాసు విశ్వవిద్యాలయ ఆచార్యుడు ఎం.ఒ.పి. అయ్యంగార్ సరిగ్గా అలాంటి నేల శైవలాన్నే 1932లో లోకానికి పరిచయం చేసి, దానికి గురువు పేరిట ఫ్రిట్షియెల్లా అని నామకరణం చేశాడు. తేమనేలలో బతుకుతుంది, మట్టిలోకి వేరులాంటి పోగులు దించుతుంది, పైకి చిన్న కొమ్మలు వేస్తుంది. మొక్కల పూర్వీకుడి నమూనా దొరికిందని చాలామంది అనుకున్నారు. భారత శైవల శాస్త్రానికి అయ్యంగార్ వేసిన పునాది గొప్పది. అయితే ఈ చుట్టరికం మాత్రం నిలవలేదు.

దాన్ని కదిలించింది ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని. 1960ల చివర్లో, 70ల్లో జెరెమీ పికెట్-హీప్స్ తదితరులు శైవల కణాలు రెండుగా చీలే తీరును గమనించారు. చీలే వేళ కణం మధ్యలో కనబడే సన్నని నాళికలు కొన్నిటిలో విభజన తలానికి సమాంతరంగా పరుచుకున్నాయి. కారా అనే శైవలం వంటి కొన్నిటిలో మాత్రం, అచ్చం మొక్కల్లో లాగానే, తలానికి అడ్డంగా నిలబడ్డాయి. ఫ్రిట్షియెల్లా మొదటి గుంపులోకి చేరింది. నేలమీద బతకడం అది సొంతంగా, విడిగా నేర్చుకున్న విద్య. 1984లో కార్ల్ మాటాక్స్, కెన్నెత్ స్టూవర్ట్ ఈ ఆధారాలతోనే ఆకుపచ్చ శైవలాల వర్గీకరణను తిరగరాశారు. మొక్కల వైపు ఒక శాఖ, మిగతా శైవలాలకు మరో శాఖ అన్న చిత్రం అప్పటికి స్థిరపడింది.

ఈలోగా మైటోకాండ్రియా తన సొంత సాక్ష్యంతో ముందుకొచ్చింది. కణానికి శక్తినిచ్చే ఈ భాగంలో డీఎన్‌ఏ పోగులు ఉన్నాయని 1963లో మార్గిట్ నాస్, సిల్వన్ నాస్ కోడిపిండం కణాల్లో చూపించారు. మైటోకాండ్రియా ఒకప్పుడు స్వేచ్ఛగా తిరిగిన బాక్టీరియా అనీ, మరో కణంలో చేరి అక్కడే స్థిరపడిందనీ 1967లో లిన్ మార్గులిస్ గట్టిగా వాదించింది. లోపలికి వచ్చిన బాక్టీరియా జన్యువుల్లో ఎక్కువభాగం క్రమంగా పోయాయి, లేదా కేంద్రకంలోకి వెళ్లాయి. ఏ వంశంలో ఏ జన్యువు మిగిలింది, ఏ వరుసలో ఉంది అన్నది చదివితే ఆ వంశ చరిత్ర బయటపడుతుంది. చుట్టరికాలు తేల్చడానికి ఇంతకంటే మంచి ఆధారం ఉండదనిపించింది.

కానీ ముందుగా చదివిన శైవలమే దారి తప్పించింది. ప్రయోగశాలల్లో అందరూ పెంచే క్లమిడోమోనాస్ మైటోకాండ్రియా డీఎన్‌ఏ పొడవు 16 వేల క్షార జతలలోపే. గుండ్రంగా కాక తిన్నని పోగులా ఉంటుంది. రైబోజోమ్ ఆర్ఎన్‌ఏ జన్యువులు ముక్కలు ముక్కలుగా తెగి, వరుస చెదిరి పడి ఉన్నాయని 1988లో కెనడాలోని హాలిఫాక్స్‌లో మైకేల్ గ్రే బృందం చూపింది. వంశవృక్షం గీస్తే క్లమిడోమోనాస్ మైటోకాండ్రియా మొక్కల పక్కన కూర్చోలేదు. మొక్కల మైటోకాండ్రియాలోని రైబోజోమ్ జన్యువులు బహుశా వేరే చోటి నుంచి రెండోసారి వచ్చాయేమోనన్న ప్రతిపాదన కూడా 1989లో వచ్చింది.

చిక్కు విప్పింది ప్రోటోథీకా. పత్రహరితం పోగొట్టుకుని, కొన్నిసార్లు మనుషులకూ పశువులకూ జబ్బు చేసే ఆకుపచ్చ శైవలం ఇది. 1994లో వెలువడిన దీని మైటోకాండ్రియా జన్యుపటం పొడవు 55,328 క్షార జతలు. జన్యువులు దండిగా ఉన్నాయి, మొక్కల జన్యువులతో బాగా పోలాయి. రెండోసారి రాక కథ అవసరం లేకపోయింది. వింతగా మారింది క్లమిడోమోనాస్ ఒక్కటే. వేగంగా మారే జన్యువులు చుట్టరికాన్ని చెరిపేస్తాయన్న పాఠం ఇక్కడ శాస్త్రవేత్తలకు బలంగా తగిలింది. 1999లో క్యూబెక్‌లోని లావాల్ విశ్వవిద్యాలయానికి చెందిన మోనిక్ టర్మెల్, క్లాడ్ లెమ్యూ తమ సహచరులతో కలిసి నెఫ్రోసెల్మిస్, పెడినోమోనాస్‌లను పక్కపక్కన పెట్టి చూపారు. రెండూ చిన్నచిన్న ఏకకణ శైవలాలే. మొదటిది 45 వేల క్షార జతల్లో పాత జన్యువులను భద్రంగా నిలుపుకుంది, రెండోది 25 వేలకు కుదించుకుపోయింది.

ఈ రెండు తీరుల నడుమ ఉన్నది సీనెడెస్మస్ అనే మరో ఆకుపచ్చ శైవలం. శ్వాసక్రియకు అవసరమైన కాక్స్-2 అనే జన్యువు క్లమిడోమోనాస్‌లో రెండు ముక్కలై, రెండూ కేంద్రకానికి వెళ్లిపోయాయి. సీనెడెస్మస్‌లో మాత్రం ఒక ముక్క ఇంకా మైటోకాండ్రియాలోనే ఉంది, రెండోది కేంద్రకంలో ఉంది. ఇల్లు మారేటప్పుడు సగం సామాను బండెక్కి, సగం పాత గదిలోనే ఉండిపోయినట్టు. పరిణామ క్రమంలోని మధ్యదశ ఇంత స్పష్టంగా చిక్కడం అరుదు. ఈ జీవిలో జన్యు సంకేతాలు కూడా మారాయి. మామూలుగా 'ఆపు' అని చెప్పే యూఏజీ సంకేతం ఇక్కడ లూసిన్ అనే అమైనో ఆమ్లాన్ని సూచిస్తుంది.

ఇక మొక్కల వైపు శాఖ. 1992లో జపాన్‌లో మార్కాన్షియా అనే లివర్‌వర్ట్ (మాస్ లాంటి నేల మొక్క) మైటోకాండ్రియాను పూర్తిగా చదివారు. పొడవు 1,86,608 క్షార జతలు. 2003లో టర్మెల్ బృందం చెరువుల అడుగున పెరిగే కారాను చదివితే 67,737 వచ్చాయి. పొడవులో మూడో వంతే అయినా జన్యువులూ వాటి వరుసా మార్కాన్షియాను ఎంతో పోలి ఉన్నాయి. అంతకుముందు 2001లో అమెరికాలోని చార్లెస్ డెల్విచ్ బృందం నాలుగు జన్యువుల ఆధారంగా కారానే మొక్కలకు అత్యంత దగ్గరి చుట్టమని ప్రకటించింది. కాండంలా నిలిచి, కణుపు కణుపుకూ కొమ్మలు వేసే దాని రూపం కూడా ఆ మాటకు బలమిచ్చింది. కథ ముగిసినట్టే అనిపించింది.

ముగియలేదు. టర్మెల్ బృందమే 2006లో కారా హరితరేణువు జన్యుపటాన్ని చదివి, అది మిగతా దగ్గరి గుంపుల కంటే ముందే చీలిపోయిందని చెప్పింది. 2003లో తామే చూపిన దగ్గరితనానికి విరుద్ధంగా వచ్చిన సాక్ష్యాన్ని వాళ్లు దాచలేదు. ఆ నిజాయతీ వల్లే ప్రశ్న మళ్లీ తెరుచుకుంది. 2011లోనూ, 2014లోనూ వందకు పైగా కేంద్రక జన్యువులతో చేసిన విశ్లేషణల్లో మొక్కల దగ్గరి చుట్టం స్థానం జైగ్నిమా వర్గానికి దక్కింది. అందులోదే స్పైరోగైరా: చెరువు అంచుల్లో, నిలవనీటి మడుగుల్లో జారుడుగా తేలే పచ్చటి పోగు. కాండం లేదు, కొమ్మ లేదు, ఈదే కణమైనా లేదు. పెద్ద రూపం నుంచి సాదాతనానికి దిగివచ్చిన వంశం ఇదని ఇప్పుడు చాలామంది నమ్ముతున్నారు.

మైటోకాండ్రియా సాక్ష్యం దీంతో పనికిరాకుండా పోలేదు. ఏ శాఖలో జన్యువులు నిలకడగా ఉన్నాయో, ఏ శాఖలో చెల్లాచెదురయ్యాయో అంత వివరంగా చెప్పేది అదే. వంశవృక్షం గీయడానికి మాత్రం దాని మాట ఒక్కటే చాలదు. అందులోని జన్యువులు కొన్ని పదులే. కేంద్రకం, హరితరేణువు, మైటోకాండ్రియా మూడూ కలిసి పలికిన చోటే తీర్పు గట్టిది. 2019లో జైగ్నిమా వర్గంలోని రెండు జాతుల కేంద్రక జన్యుపటాలు వెలువడ్డాయి. నీటి కరువును మొక్కలు తట్టుకోవడంలో పాలుపంచుకునే కొన్ని జన్యు కుటుంబాలు వాటిలో అప్పటికే ఉన్నాయనీ, అవి నేల బాక్టీరియా నుంచి వచ్చి ఉండవచ్చనీ ఆ అధ్యయనం చూపింది.