జరిగిన కథ ఎవరు చెప్పాలి?

‘ఫాలౌట్’ సిరీస్ రెండో సీజన్ 2025 డిసెంబరులో మొదలైంది. దానికి కొద్ది రోజుల ముందు అమెజాన్ ప్రైమ్ వీడియో తన దగ్గరున్న ఒక చిన్న వీడియోను తీసేసింది. మొదటి సీజన్ మరిచిపోయినవాళ్ల కోసం కృత్రిమ మేధ తయారుచేసిన ‘ఇంతవరకు జరిగిన కథ’ అది. ముఖ్యమైన దృశ్యాలు ఏరి, సంభాషణల ముక్కలు, సంగీతం జోడించి, యంత్రం గొంతుతో వ్యాఖ్యానం చెప్పించారు. ఘూల్ అనే పాత్ర పాత జీవితాన్ని చూపే ఘట్టం 1950ల అమెరికాలో జరిగిందని ఆ గొంతు చెప్పింది. కథలో అది 2077. సిరీస్ చూసినవాళ్లు ఇట్టే పట్టేశారు.

ఆ తప్పు ఎలా వచ్చి ఉంటుందో ఊహించడం కష్టం కాదు. 1950ల నాటి అభిరుచి ఎన్నటికీ మారకుండా ఉండిపోయిన లోకం ‘ఫాలౌట్’ది. కార్లు, గౌన్లు, టోపీలు, పాటలు అన్నీ ఆ కాలానివే. అణుబాంబులు పడేది మాత్రం 2077లో. తెర మీద కనిపించేదాన్ని బట్టి లెక్కగడితే 1950లనే అనిపిస్తుంది. కథ తెలిసినవాడికి ఆ పొరపాటు రాదు. సీజన్ చివర కథానాయిక లూసీ ఘూల్‌తో కలిసి బయల్దేరే ఘట్టాన్ని కూడా ఆ వీడియో చావో, తన వెంట రావడమో తేల్చుకొమ్మని అతను బెదిరించినట్టు చెప్పింది. ఆ అమ్మాయి ఆ క్షణానికి ఏం తెలుసుకుని ఉందో, ఎందుకు అడుగు వేసిందో అందులో లేకుండా పోయింది.

నాకు ఈ రెండో తప్పే పెద్దదనిపిస్తుంది. జరిగిన కథ చెప్పడమంటే సంఘటనలు వరసపెట్టి అప్పజెప్పడం కాదు. ఎవరికి ఏం తెలుసు, ఎవరికి ఇంకా తెలియదు అన్నది చెప్పడం. తెలుగు లోగిళ్లలో ఆ పని ఎంత తేలిగ్గా జరిగిపోతుందో చూడండి.

“నిన్న కరెంటు పోయింది వదినా, తర్వాత ఏమైంది?”

“ఏముంది, ఆ పిల్ల ఉత్తరం చదివేసింది. అత్తగారికి ఇంకా తెలీదు.”

అరగంట సీరియల్ రెండు మాటల్లో తేలిపోయింది. అడిగినావిడ ఎక్కడిదాకా చూసిందో వదినకు తెలుసు. అంతకుముందుది ఒక్క ముక్క ఎత్తలేదు.

ఈ పని మనకు కొత్తది కాదు. 11వ శతాబ్దంలో రాజమహేంద్రవరంలో నన్నయ భారతం మొదలుపెట్టినప్పుడు ఆశ్వాసాల మొదట్లో రాజరాజ నరేంద్రుడిని సంబోధిస్తూ ఒక పద్యం ఉంచాడు. ఆ వెంటనే సూతుడు శౌనకాది మునులకు కథ చెబుతున్నాడన్న సంగతి గుర్తుచేసి, ఆగినచోట అందుకుంటాడు. వినేవాళ్లకు భారతం కథ తెలియక కాదు. ఎవరు ఎవరికి చెబుతున్నారు, ఎక్కడ ఆపారు అన్నది అందితే చాలు.

అచ్చుకథ వచ్చాక ఆ వెసులుబాటు పోయింది. వారపత్రిక చదివే పాఠకురాలికి ముందు కథ తెలియదు, కిందటి సంచిక పక్కింటివాళ్లు పట్టుకెళ్లి తిరిగి ఇచ్చి ఉండరు. అందుకే సీరియల్ భాగం చివర ‘సశేషం’, తర్వాతి వారం తలమీద ‘జరిగిన కథ’. చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం ధారావాహికలు చదివిన తరానికి, కథ మొదలయ్యే ముందు చిన్న పేరాలో ఉండే ఆ సారాంశం గుర్తుండే ఉంటుంది. రెండో భాగానికి దాన్ని రాయడం సులువు. ఇరవయ్యో భాగానికి వచ్చేసరికి అదే పది లైన్లలో పంతొమ్మిది భాగాలు ఇమడాలి. మూడు వారాలు ఏడ్చిన కథానాయిక దుఃఖం అర వాక్యమైపోతుంది. ఏది ఉంచాలి, ఏది వదలాలి అన్నది రాబోయే భాగం తెలిసినవాళ్లే తేల్చగలరు. ఆ పేరా కింద ఎవరి పేరూ ఉండేది కాదు. సీరియల్ నవలగా అచ్చయ్యేటప్పుడు ఆ పేరాతో పనే ఉండదు. తెలుగు పత్రికారచనలో ఇంత నైపుణ్యం ఇంత మౌనంగా కనుమరుగైన చోటు మరొకటి ఉందనుకోను.

అమెరికాలో వారం వారం భాగాలుగా ఆడిన సినిమాలకూ ఇదే చిక్కు. 1940లో వచ్చిన ‘ఫ్లాష్ గోర్డన్ కాంకర్స్ ది యూనివర్స్’ సీరియల్‌లో జరిగిన కథ అక్షరాలుగా తెర మీద పైకి పాకుతూ పోతుంది. 1977లో జార్జ్ లూకాస్ ‘స్టార్ వార్స్’ మొదట్లో పెట్టిన పసుపు అక్షరాలకు అలాంటివే ప్రేరణ. టెలివిజన్‌లో 1981లో ఎన్‌బీసీ ప్రసారం మొదలుపెట్టిన ‘హిల్ స్ట్రీట్ బ్లూస్’ ఒక్కో భాగంలో అరడజను కథలు నడిపి, వాటిని వారాల తరబడి సాగదీసింది. అలాంటి అల్లికకు ముందు ఒక నిమిషం గుర్తుచేయక తప్పదు. ఆ నిమిషం ఆ రాత్రి కథ కోసం కూర్చినదే. ఏడాదిగా కనిపించని మనిషి అందులో తళుక్కుమన్నాడంటే ఇవాళ తిరిగొస్తాడని ప్రేక్షకుడు కనిపెట్టేస్తాడు. ఆ పద్ధతిలో ఉన్న లోపం అదే.

ఇవన్నీ ఒక నమ్మకం మీద నడిచాయి: చూసేవాళ్లంతా ఒకేచోట ఉన్నారని. 1987లో దూరదర్శన్‌లో రామానంద్ సాగర్ ‘రామాయణ్’ మొదలయ్యాక ఆదివారం ఉదయం దేశమంతా ఒకే ఘట్టం దగ్గర ఉండేది. 2013 ఫిబ్రవరిలో నెట్‌ఫ్లిక్స్ ‘హౌస్ ఆఫ్ కార్డ్స్’ 13 భాగాలనూ ఒక్కరోజే వదిలింది. అక్కడి నుంచి ఎవరి చోటు వారిదే. ఒకరు రాత్రికి రాత్రే ముగిస్తారు, ఇంకొకరు నాలుగో భాగం సగంలో ఆపి ఏడాదికి తిరిగొస్తారు. పైగా సీజన్ల మధ్య ఎడం పెరిగింది. ‘స్ట్రేంజర్ థింగ్స్’ నాలుగో సీజన్ 2022 వేసవిలో ముగిస్తే, ఐదోది 2025 నవంబరులో వచ్చింది.

2024 నవంబరులో అమెజాన్ ప్రకటించిన ‘ఎక్స్-రే రీక్యాప్స్’ ఈ అవసరంలోంచి పుట్టింది. వీడియోను, సంభాషణలను విశ్లేషించి, మీరు ఆపిన నిమిషం దాకా జరిగింది మాత్రమే అక్షరాల్లో చెబుతుంది. సీజన్ మొత్తం కావాలన్నా, ఒక భాగం కావాలన్నా, భాగంలో ఒక ముక్క కావాలన్నా సరే. ముందు కథ బయటపడకుండా కట్టడి పెట్టారు. ఇది మంచి ఆలోచన. నిద్ర ముంచుకొచ్చి ఆపేసినవాళ్లకు, పిల్లాడు ఏడిస్తే లేచి వెళ్లిన తల్లికి పనికొచ్చేది. తిరిగొచ్చిన మనిషి ఎక్కడ ఆగాడో తెలుసుకుని చెప్పడం పత్రికల పది లైన్లకు ఎన్నడూ చేతకాలేదు. అందుకే ‘ఫాలౌట్’ వీడియోలోలా దాన్ని నిర్లక్ష్యంగా చేస్తే నాకు బాధ కలుగుతుంది. నిమిషం తెలుసుకోవడం సగం పని. ఆ నిమిషానికి పాత్రల మనసుల్లో ఏముందో తెలియడం మిగతా సగం.

చిత్తూరు, తిరుపతి ప్రాంతం నుంచి వెళ్లిన రాజ్, డీకే తీసిన ‘ది ఫ్యామిలీ మ్యాన్’ మొదటి సీజన్ 2019లో వచ్చింది, రెండోది 2021లో, మూడోది 2025 నవంబరులో. లోనావాలాలో కథానాయకుడు శ్రీకాంత్ భార్య సుచిత్రకూ ఆమె సహోద్యోగి అరవింద్‌కూ మధ్య ఏం జరిగిందో మొదటి సీజన్‌లో దర్శకులు చూపించలేదు. శ్రీకాంత్‌కూ తెలియదు. రెండో సీజన్‌లో ఆ భార్యాభర్తల మధ్య ఉన్న బరువంతా ఆ తెలియనితనానిదే. నాలుగేళ్ల తర్వాత ఆ కథలోకి తిరిగొచ్చేవాళ్లకు లోనావాలా పేరు గుర్తుచేయాలి, అక్కడ జరిగింది మనకు చూపించలేదని చెప్పాలి, శ్రీకాంత్‌కు ఇంకా తెలియదని చెప్పాలి. ఊహించి పూరించే అలవాటున్న యంత్రం ఇక్కడ ఒక్క మాట కలిపినా కథ చెడుతుంది. అలాంటి పేరా ప్రేక్షకుడికి చేరకముందు ఆ సిరీస్ మొదటి నుంచి చూసిన మనిషి ఒకరు చదివి సరేనని చెప్పాలని నేను కోరుకుంటున్నాను.