కల్లు కుండ - బీరు పీపా

జనం స్థిరపడి బతికిన ప్రతి సీమకూ దాదాపుగా ఒక సొంత పులిసిన పానీయం ఉంటుంది. జర్మనీ, ఇంగ్లండు దేశాలవారు బార్లీ గింజలతో బీరు కాచుకున్నారు. ఫ్రాన్సువారు ద్రాక్షరసాన్ని పులియబెట్టారు. మెక్సికోవారు కిత్తనార జాతి మొక్క రసంతో పుల్కే అనే పానీయం చేసుకున్నారు. విశాఖపట్నానికి నైరుతి దిక్కున, సముద్రానికి సమీపంగా ఉన్న పరవాడ ప్రాంతానికి అటువంటి పానీయం తాటికల్లు. నేడు పరవాడ పేరు వినగానే సింహాద్రి థర్మల్ విద్యుత్కేంద్రం, మందుల కర్మాగారాలు జ్ఞాపకం వస్తాయి. ఆ పొగగొట్టాలు లేవక చాలా కాలం ముందునుంచే ఈ తీరపు నేలల్లో తాటిచెట్లు ఉన్నాయి.

దూరదేశపు మిత్రుడొకడు వచ్చి, "మీ ఊళ్ళో తయారైన మంచి బీరు ఎక్కడ దొరుకుతుంది?" అని అడిగాడనుకుందాం. పరవాడవారు ఏమని జవాబు చెప్పాలి? ప్రశ్న చిన్నదే. కాని దానికి సరియైన జవాబు చెప్పాలంటే రెండు వందల ఏళ్ళ విజ్ఞాన చరిత్రను తిరగవేయవలసి ఉంటుంది. బీరు ఆరు నెలల ఓడ ప్రయాణం చేసి మన తీరం చేరగలిగింది. మన కల్లు మాత్రం మరునాటికి కూడా నిలవదు. ఈ భేదానికి కారణమేమిటి?

చెట్టుమీదనే మొదలయ్యే మార్పు

గీత పనివాడు మోకు సాయంతో తాటిచెట్టు ఎక్కుతాడు. పూగెలను నొక్కి మెత్తబరచి, దాని కొనను పదునైన కత్తితో రోజూ పలుచగా గీస్తాడు. గాయం నుంచి కారే రసం కింద కట్టిన కుండలో పడుతుంది. అప్పుడే కారిన రసంలో ఆల్కహాలు ఉండదు. అందులో నూటికి పది పన్నెండు పాళ్ళు చక్కెర, మిగిలినది చాలావరకు నీరు.

కాని కుండ ఒట్టిది కాదు. నిన్నటి కల్లు తడి దాని గోడలకు అంటి ఉంటుంది. గాలి, పురుగులు, పువ్వు కూడా సూక్ష్మజీవులను చేరవేస్తాయి. వీటిలో ముఖ్యమైనది ఈస్టు. ఈ ఏకకణజీవి చక్కెరను ఆల్కహాలుగాను, బొగ్గుపులుసు వాయువుగాను విడగొడుతుంది. కల్లుమీద తేలే నురుగు ఆ వాయువువల్ల కలిగినదే. అదే సమయంలో లాక్టిక్ ఆమ్లాన్ని తయారుచేసే బాక్టీరియా పులుపు తెస్తుంది. కొన్ని గంటలలో కల్లులోని ఆల్కహాలు నూటికి నాలుగైదు పాళ్ళకు చేరుతుంది. అంటే ఇది సాధారణపు బీరుకు దీటు. పని అంతటితో ఆగదు. ఎసిటిక్ బాక్టీరియా విజృంభించి ఆల్కహాలును వినిగరుగా మారుస్తుంది. తెల్లవారి తియ్యగా ఉన్న కల్లు మధ్యాహ్నానికి ఘాటెక్కి, మరునాటికి వట్టి పులుపుగా మారడానికి ఇదే కారణం.

ఈ మార్పును ఆపే ఉపాయం గీత పనివారికి తెలుసు. కుండలోపల సున్నం పూస్తే, దాని క్షారగుణంవల్ల సూక్ష్మజీవులు పెరగలేవు. అట్టి కుండలో చేరిన తియ్యని రసమే నీరా. దానిని కాచితే తాటిబెల్లం వస్తుంది. కల్లుకు పొంగించే శక్తి ఉన్నదని కూడా పూర్వులు గ్రహించారు. వెనుకటి కాలంలో దక్షిణదేశపు రొట్టెల తయారీదారులు పిండి పొంగడానికి ఈస్టుకు బదులు కల్లునే కలిపేవారు.

గింజ వేరు, రసం వేరు

ఖచ్చితంగా చెప్పాలంటే కల్లు బీరు కాదు. కల్లుకు మూలం చక్కెర ఉన్న రసం. బీరుకు మూలం పిండిపదార్థం ఉన్న గింజ. పిండిపదార్థాన్ని ఈస్టు నేరుగా తినలేదు. అందుచేత బార్లీని నానబెట్టి మొలకెత్తిస్తారు. మొలకలో పుట్టే ఎంజైములు పిండిని చక్కెరగా మారుస్తాయి. ఆ తియ్యని నీటిలో హాప్సు అనే చేదు పువ్వులు వేసి కాచి, చల్లార్చి ఈస్టు కలుపుతారు. గింజ ఏడాదిపాటు నిలవ ఉంటుంది కనుక బీరు ఏ నెలలోనైనా తయారవుతుంది. తాటిరసానికి ఋతువు ఉంది, గంట లెక్కా ఉంది.

అయినా పాత విశాఖపట్నం జిల్లాలో గింజ పానీయం లేకపోలేదు. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేవరకు ఈ జిల్లాలో భాగంగా ఉన్న కొరాపుట్ కొండలలో చోళ్ళతోను, బియ్యంతోను లండా అనే పానీయం చేసుకునే ఆచారం ఉంది. శాస్త్రం దృష్టిలో బీరుకు దగ్గర బంధువు ఇదే. మైదానానికి తాటికల్లు, మన్యానికి జీలుగు కల్లు, గింజల లండా - ఈ విధంగా ప్రతి నేలా తనకు పండినదానినే పులియబెట్టుకుంది.

ఓడ ఎక్కిన బీరు

పదునెనిమిదవ శతాబ్దంలో ఈస్టిండియా కంపెనీ ఉద్యోగులకు బీరు ఇంగ్లండు నుంచే రావలసి వచ్చేది. ఓడ ఆఫ్రికా ఖండాన్ని చుట్టి, ఉష్ణమండలాన్ని రెండు మార్లు దాటి, నాలుగునుంచి ఆరు నెలలకు రేవు చేరేది. ఆ వేడికి పీపాలలోని బీరు పులిసిపోయే ప్రమాదం ఉండేది. లండన్ సమీపంలోని బో అనే చోట జార్జి హాడ్జ్‌సన్ తయారుచేసిన బీరు ఈ ప్రయాణానికి తట్టుకుని పేరు పొందింది. అందులో హాప్సు అధికం. హాప్సులోని చేదు పదార్థాలు లాక్టిక్ బాక్టీరియాను అణచివేస్తాయి. 1820ల తరువాత బర్టన్ పట్టణపు వ్యాపారులు ఈ వర్తకంలో ప్రవేశించారు. అక్కడి బావినీటిలో జిప్సం ఎక్కువగా ఉండడం ఈ రకపు బీరుకు చక్కగా కుదిరింది. నేడు లోకమంతటా ఇండియా పేల్ ఏల్ అని పిలిచే రకానికి పుట్టుక ఇదే.

మన దేశంలోనే బీరు కాయాలంటే ఎండ అడ్డు వచ్చింది. అందుచేతనే తొలి కర్మాగారాలు కసౌలీ, మర్రీ, నీలగిరులు వంటి చల్లని కొండలమీద వెలిశాయి. మంచుయంత్రం వచ్చిన తరువాతగాని బీరు ధైర్యంగా మైదానానికి దిగలేదు. 1915లో దక్షిణదేశపు అయిదు బీరు కర్మాగారాలు కలిసి యునైటెడ్ బ్రూవరీస్ సంస్థ ఏర్పడింది.

పాశ్చర్, లీబిగ్‌ల వాదం

పులియడం ఎందువల్ల జరుగుతుంది? 1837 ప్రాంతంలో ఫ్రాన్సులో కాన్యార్ దలాతూర్, జర్మనీలో ష్వాన్ ఈస్టు సజీవమైనదని విడివిడిగా చెప్పారు. ఆనాటి మహా రసాయనవేత్త లీబిగ్ దీనిని అంగీకరించలేదు. కుళ్ళుతున్న పదార్థపు కదలికవల్ల చక్కెర విడిపోతుందని ఆయన వాదం. 1857 నుంచి లూయీ పాశ్చర్ వరుసగా ప్రయోగాలు చేసి, పులియడం జీవకణాల పని అని నిరూపించాడు. 1871లో ఆయన లండన్‌లోని ఒక పెద్ద బీరు కర్మాగారాన్ని దర్శించి, అక్కడి ఈస్టును సూక్ష్మదర్శిని కింద పరీక్షించి, అందులో చేరిన పరాయి సూక్ష్మజీవులను చూపించాడు. కొద్ది రోజులకే ఆ కర్మాగారంవారు సొంతంగా సూక్ష్మదర్శిని కొన్నారు. 1876లో పాశ్చర్ బీరుపై తన ఉద్గ్రంథాన్ని ప్రకటించాడు.

తరువాతి అడుగు డెన్మార్కులో పడింది. కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో పనిచేసే ఎమిల్ హాన్సెన్ 1883లో ఒకే ఒక ఈస్టు కణం నుంచి శుద్ధమైన సంతతిని పెంచాడు. కర్మాగారం యజమాని జాకబ్సెన్ ఈ శుద్ధ ఈస్టును దాచుకోక ఇతరులకు కూడా పంచిపెట్టాడు. 1897లో జర్మనీవాడైన బుక్నర్, ఈస్టును నూరి పిండిన రసం కూడా చక్కెరను పులియబెట్టగలదని చూపి, ఎంజైముల విజ్ఞానానికి పునాది వేశాడు. అందుకుగాను ఆయనకు 1907లో నోబెల్ బహుమానం లభించింది. జీవకణం అవసరమన్న పాశ్చర్, అది రసాయన చర్య అన్న లీబిగ్ - ఇద్దరి మాటలోను కొంత నిజమున్నదని దీనితో తేలింది.

ఈ చరిత్రలో ఒక వింత కూడా ఉంది. 1920లలో జర్మన్ శాస్త్రజ్ఞుడు లిండ్నర్ మెక్సికో పుల్కేలో ఒక చురుకైన బాక్టీరియాను కనుగొన్నాడు. నేడు దానిని జైమోమోనాస్ అంటారు. అది మన కల్లులో కూడా ఉంటుంది. ఈస్టుతో సమానంగా చక్కెరను ఆల్కహాలుగా మార్చగలదు. అదే జాతి బాక్టీరియా బీరులో చేరి దుర్వాసన పుట్టిస్తున్నదని 1937లో ఇంగ్లండులో షిమ్‌వెల్ చూపించాడు. కల్లు కుండలో కూలి చేసే జీవి బీరు పీపాలో దొంగ అయింది! బీరు ఒక్క ఈస్టునే ఉంచుకుని మిగిలినవారిని వెళ్ళగొట్టడంవల్ల ప్రయాణానికి తగినదయింది. కల్లు అందరినీ ఉంచుకుంది. అందుకే దాని రుచి గంట గంటకూ మారుతుంది.

చట్టం, కల్తీ

కల్లు చరిత్రలో ప్రభుత్వానికి కూడా పాత్ర ఉంది. 1886 నాటి మద్రాసు ఆబ్కారీ చట్టం కల్లుగీతను అనుమతులకు, పన్నులకు లోబరచింది. 1937లో సేలం జిల్లాలో మద్యనిషేధం మొదలై, 1948 నాటికి మద్రాసు రాష్ట్రమంతటా అమలయింది. దానితో విశాఖ తీరపు గీత పనివారి జీవనాధారం పోయింది. ఆంధ్ర రాష్ట్రం వచ్చాక గౌతు లచ్చన్న వారి పక్షాన పోరాడాడు. 1954 నవంబరులో ఈ మద్యనిషేధ వివాదంమీదనే టంగుటూరి ప్రకాశం మంత్రివర్గం ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. ఒక పానీయం మంత్రివర్గాన్నే దింపిందంటే, దానివెనుక ఎందరి కడుపులు ఉన్నాయో ఊహించవచ్చు.

నేటి సమస్య వేరు. చెట్లు చాలని చోట, రసమే లేని నీటిలో చక్కెర, సాకరిన్, మత్తుమందులు కలిపి కల్లు అని అమ్మడం జరుగుతున్నది. ఆ మందులలో క్లోరల్ హైడ్రేటు ఒకటి. దీనికి మూలమైన క్లోరల్‌ను మొదట తయారుచేసినవాడు, ఈస్టు సజీవం కాదని వాదించిన లీబిగే. ఆ సంవత్సరం 1832. డయజిపామ్, ఆల్‌ప్రజోలామ్ బిళ్ళలు కూడా కలుపుతున్నారు. ఇటువంటి కల్లుకు అలవాటుపడినవారికి అది ఒక్కసారిగా దొరకకపోతే వణుకు, మూర్ఛ, మతిభ్రమ కలగడం వైద్యులు చూస్తున్నారు. కల్లులో క్లోరల్ హైడ్రేటు ఉంటే, దానికి పిరిడిన్‌ను, గాఢమైన క్షారాన్ని కలిపి వేడిచేసినప్పుడు ఎర్రని రంగు వస్తుంది. ఈ పరీక్ష ప్రయోగశాలలోనే చేయవలసినది. నాలుకతో ఈ కల్తీ తెలియదు.

మిత్రునికి జవాబు

ప్రపంచమంతా ఒకే రుచిగల సీసా బీరుతో నిండిన తరువాత, కొందరికి మళ్ళీ స్థానికపు రుచి మీద మనసు మళ్ళింది. 1965లో శాన్ ఫ్రాన్సిస్కోలో ఫ్రిట్జ్ మేటాగ్ మూతపడబోతున్న ఒక చిన్న కర్మాగారాన్ని నిలబెట్టాడు. అక్కడినుంచి చిన్న బీరు కర్మాగారాల ఉద్యమం వ్యాపించి, 2015 తరువాత హైదరాబాదు వరకు వచ్చింది. అయితే వాటిలో వాడే బార్లీ, హాప్సు మన తీరంలో పండవు. కాచే చోటు స్థానికం, సరుకు పరదేశం.

కనుక నేల, నీరు, సూక్ష్మజీవి మూడూ ఊరివే అయిన పానీయం పరవాడకు కల్లు ఒక్కటే. దానిని వెతకవలసిన చోటు చెట్టు మొదలు, వేళ తెల్లవారుజాము, కాలం తాటిగీత సాగే వేసవి. బీరు మంచిదని హామీ ఇవ్వడానికి ప్రయోగశాల ఉంది. కల్లుకు ఆ హామీ ఇచ్చేవాడు దానిని దింపిన గీత పనివాడే. ఏ చెట్టుదో, ఎప్పుడు దింపినదో చెప్పలేని కల్లును అతిథికి పోయరాదు.

ఏ మోతాదులోనైనా ఆల్కహాలు ఆరోగ్యానికి పూర్తిగా క్షేమం కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ప్రకటించిన సంగతి కూడా మరువరాదు. అది వద్దనుకునే మిత్రునికి, పిల్లలకు అదే చెట్టు మరొక జవాబు సిద్ధంగా ఉంచింది: సున్నపు కుండలోని నీరా. పాఠశాలలో ఉపాధ్యాయులు చక్కెర నీటిలో రొట్టెల ఈస్టు కలిపి, సీసానుంచి వచ్చే వాయువును తేటసున్నపు నీటిలోకి పంపి చూపవచ్చు. నీరు పాలలాగా తెల్లబడుతుంది. చెట్టుమీది కుండలో నురుగు పొంగించేది ఆ వాయువే.