పల్లెపొరుగున ఎలుగు: ఒక చారిత్రక పరిశీలనము

మన ప్రబంధములలోని మృగయావర్ణనములను గుఱించి విమర్శకులు విరివిగనే వ్రాసియున్నారు. వేటకుక్కలు, వలలు, ఉరులు, డేగలు మున్నగువాని నన్నిటిని పరిశీలించిరి. కాని వేటకు కారణమైన చేనిని, ఆ చేని దాపుననున్న ఇంటిని చూచినవారు అరుదు. రాజు వేటకు వచ్చి, ఒకటి రెండు దినములుండి మరలిపోవును. కాపు మాత్రము అచ్చటనే యుండును; మృగమును అచ్చటనే యుండును. ఈ నిత్యసహవాసపు చరిత్రను, ముఖ్యముగా ఎలుగునకు సంబంధించినంతవఱకు, కొంత పరామర్శించుట ఈ వ్యాసమున మా యుద్దేశము.

ముందుగా మాటను చూతము. ఎలుగు దేశ్యపదము. ప్రాచీన తమిళములోని ‘ఎణ్కు’ దీనికి సజాతీయము. సంగకాలపు కవితలలో ఈ ఎణ్కు పుట్టలు త్రవ్వుచు, ఇప్పపూవులు తినుచు కానవచ్చును. నేటి జంతుశాస్త్రజ్ఞులు చెప్పునదియు నిదియే. దీని పైదవడ ముందరి పండ్లలో నడిమి రెండును ఉండవు. ఆ సందుగుండ చెదపురుగులను పీల్చి తినును. ఆంగ్లేయుడైన జార్జి షా 1791లో దీని పొడుగుగోళ్లను చూచి, దక్షిణ అమెరికాలో చెట్లకు వ్రేలాడు మందగమనజంతువుల జాతిలో దీనిని చేర్చి నామకరణము చేసెను. అంతకు వేయేండ్లకు పైగా పూర్వమే అడవియంచున కాపురమున్న జనులు దాని తిండిని, తీరును తప్పులేక ఎఱిగియుండిరి. తెలంగాణమున ‘గుడ్డెలుగు’ అను వాడుక కలదు. ఇందలి పూర్వపదము చూపులేమిని తెలుపునదని మా యభిప్రాయము. ఎలుగు దూరమునుండి మనుష్యుని పోల్చుకొనజాలదు. దగ్గఱపడినంతనే ఉలికిపడి మీద పడును. పొరుగువారు పెట్టిన పేరులో ఈ యెఱుక యంతయు ఇమిడియున్నది.

ఇక చేనిమాట. 12వ శతాబ్దమున సేక్కిళారు రచించిన పెరియపురాణమున కన్నప్పకథ కలదు. ధూర్జటి తెలుగువారికి చిరపరిచితుని గావించిన తిన్నడే ఈ కన్నప్ప. ఈతని నివాసము పొత్తపినాడు. నేటి కడప ప్రాంతము. తిన్నని తండ్రి నాగడు వృద్ధుడై వేట మానుకొనెను. అడవిమెకములు ప్రబలి కొండచేలను పాడుచేయసాగెను. అంతట బోయలు వచ్చి మొఱపెట్టుకొనగా, అతడు కుమారునకు నాయకత్వ మొసగెను. భక్తుని కథయని చదువుకొనుచు ఈ ఘట్టమును మనము దాటిపోవుచుందుము. ఇందు దొరతనమునకు హేతువు మృగబాధానివారణమే! ఎవడు చేనిని కాచునో వాడు ప్రభువు. తెలుగున ‘కాపు’ అను మాటకు రక్షణమనియు, వ్యవసాయదారుడనియు, చెట్టు ఫలించుటయనియు అర్థములుండుట గమనింపదగినది.

చేనిని కాచుచు మడిసినవారికి శిలలు నిలిపిరి. పులులతో పోరి మరణించినవారి వీరగల్లులు రాయలసీమయందును, కన్నడదేశమందును కలవు. మండ్య మండలమునందలి ఆతకూరు శాసనము మఱియు విచిత్రమైనది. సుమారు 949-50 నాటి యీ శిల, అడవిపందితో పోరాడి, దానిని చంపి తానును చచ్చిన ‘కాళి’ యను కుక్కకు స్మారకము. కుక్కకు శాసనము వేయించిన కాలమునకు పంది ఎంతటి శత్రువో మనము ఊహింపవలెను.

అయినను ఈ సంబంధమును కేవలము వైరమనుట సరికాదు. వినాయకచవితినాడు తెలుగువారి ఇండ్ల చదువు శమంతకోపాఖ్యానమునందు జాంబవంతుని గుహ యెట్టిది? అందు ఊయెల కలదు, శిశువు కలదు, ఆ శిశువునకు ఆటవస్తువుగా మణి కలదు. ఎలుగు నివాసమును ఇల్లుగా చూచిన దృష్టి యిది. భాగవతము ననుసరించి కృష్ణుడు 28 దినములు పోరాడి, తుదకు ఆ యింటి కల్లుడయ్యెను. కృష్ణదేవరాయలు సైతము ఈ కథనే గ్రహించి సంస్కృతమున నాటకము రచించెను. వియ్యమునకు ముందు కయ్యము తప్పలేదనుటయు స్మరింపదగినదే.

ఈ యేర్పాటు రాజ్యాధికారము మాఱుటతో మాఱినది. 1882 నాటి మద్రాసు అటవీశాసనముతో అడవి సర్కారు సొత్తయ్యెను. క్రూరమృగములను చంపినవారికి ఆ సర్కారే బహుమానము లిచ్చుచుండెను. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ శాసనము వేటను నిషేధించినది. ఎలుగునకు ప్రథమ పరిచ్ఛేదమున రక్షణ లభించినది. మనుష్యప్రాణమున కపాయకరమైన ఎలుగును చంపవలెనన్నను ముఖ్య వన్యప్రాణి సంరక్షకుని లిఖితపూర్వకమైన ఆజ్ఞ కావలెను. వేట ఆగుట యుక్తమే. ఆగకున్నచో ఈ జాతియే మిగిలియుండెడిది కాదేమో. కాని నాగనికి మొఱపెట్టుకొన్న బోయల స్థానముననే నేటి రైతును ఉన్నాడు. మొఱ వినవలసిన నాయకుడు మాత్రము ఊరిలో లేడు.

ఇందుకు శ్రీకాకుళము జిల్లాలోని ఉద్దానము ప్రత్యక్షోదాహరణము. ఇచ్ఛాపురము, కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు ప్రాంతముల కొబ్బరి, జీడి, పనస తోటల సీమ యిది. 1936 వఱకు గంజాము జిల్లాలోనిది. పేరు ఉద్యానశబ్దభవమని పలువురు చెప్పుదురు. ఇచ్చటి ఎలుగులు మహారణ్యమునుండి దారితప్పి వచ్చినవి కావు. తోటల నడుమ మిగిలిన చిన్న మెట్టలలో, పొదలలో నివసించునవి. ఈ సహవాసము అనాదియనుటయు పొరపాటే. జీడిమామిడి 16వ శతాబ్దమున పోర్చుగీసులు బ్రెజిలునుండి తెచ్చిన చెట్టు. కాబట్టి జీడిపండ్లకై ఎలుగు తోటకు వచ్చుట మనుష్యుడు నాటిన తరువాతి అలవాటే. తోట విస్తరించినకొలది మెట్ట తఱిగినది. మెట్ట తఱిగినకొలది తోటయే ఎలుగునకు ఇల్లయినది. వేసవిలో జీడిగింజల నేఱుటకు స్త్రీలు చీకటితో తోటకు పోవుదురు. ఎలుగు మేతనుండి మరలు వేళయు నదియే.

2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఈ తోటలను నేలకూల్చినది. 2022 జూనులో వజ్రపుకొత్తూరు మండలమున ఎలుగు వాతబడి ఒకరు మరణించిరి, పలువురు గాయపడిరి. పట్టుబడిన ఆ మృగమును దక్కలేదు. ఈ రెండు సంగతులకు కార్యకారణసంబంధమును మేము కల్పింపబోము. నీడయు, మేతయు చెడినచోట రెండు ప్రాణులు ఎదురుపడుట సులభమని మాత్రము చెప్పవచ్చును.

ఉద్దానమున నేటికిని నిలువదగిన రక్ష ఒకటి కలదు: గుంపుగా పోవుట, దారిపొడవున బిగ్గఱగా మాటలాడుకొనుట. అలికిడి విన్న ఎలుగు తానే తొలగిపోవును. నిఘంటువులందు ‘ఎలుగు’ అను మాటలు రెండు కలవు. ఒకటి మృగము, రెండవది కంఠస్వరము. ధాతువులు వేఱైనను, రెండవ దానితో మొదటిదానిని తొలగించుట ఇచ్చటి విద్య. మంచె, వడిసెల, డప్పు, నెగడు మున్నగు సాధనముల పేరులు మన నిఘంటువుల కెక్కినవి. ఎలుగు నడచు త్రోవకు, అది త్రవ్విన గుంతకు, పిల్లలను వీపున మోయు తల్లియెలుగునకు తోటవారు వాడు మాటలను సేకరింపవలసియున్నది. అందులకు పరిశోధకుడు జీడికాలమున అచ్చట ఒక నెల యుండవలెను. తెల్లవాఱకముందు మాత్రము ఒంటరిగా తోటకు పోరాదు.