పాస్‌పోర్టు ఆలస్యం: కారణం ఎక్కడుంది?

భారతదేశంలో పాస్‌పోర్టు జారీ చరిత్రను చెప్పేవారు సాధారణంగా దాన్ని రెండు భాగాలు చేస్తారు: 2010కి ముందు తెల్లవారుజామునే మొదలయ్యే క్యూలు, దళారులు, నెలల తరబడి ఎదురుచూపులు; ఆ తరువాత కంప్యూటర్లు, టోకెన్లు, రోజుల్లోనే స్పీడ్ పోస్టులో ఇంటికి చేరే పుస్తకం. ఈ కథనం అబద్ధం కాదు గాని, ఆలస్యానికి మూలాన్ని కౌంటరు దగ్గరే వెతికి అక్కడితో ఆగిపోతుంది. చట్టాన్నీ, నిబంధనలనూ, దరఖాస్తు నడిచిన దారినీ కలిపి చూస్తే, జాప్యంలో పెద్ద వంతు కౌంటరు వెనుక, పౌరుడు రాసిచ్చిన మాటను ప్రభుత్వం మరొకరి చేత ధ్రువపరచుకోవాలనుకున్న చోట పుట్టిందని తెలుస్తుంది.

తొలి దశలను క్లుప్తంగా చెప్పుకోవచ్చు. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో, 1915 నాటి భారత రక్షణ చట్టం కింద పాస్‌పోర్టు తప్పనిసరి అయింది. 1920లో దేశంలోకి ప్రవేశించేవారి కోసం ఒక చట్టం వచ్చింది. 1954లో బొంబాయి, కలకత్తా, ఢిల్లీ, మద్రాసు, నాగపూర్‌లలో ప్రాంతీయ కార్యాలయాలు వెలిశాయి. అయితే పాస్‌పోర్టు ఎవరికివ్వాలో, ఎవరికి నిరాకరించవచ్చో చెప్పే చట్టమేదీ 1967 దాకా లేనందున అది ప్రభుత్వ అనుగ్రహంగానే నడిచింది. ఆ ఏడాది ఏప్రిల్‌లో సత్వంత్ సింగ్ సాహ్నీ కేసులో, రాజమండ్రిలో పుట్టిన ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావు రాసిన మెజారిటీ తీర్పు, విదేశీ ప్రయాణం రాజ్యాంగం 21వ అధికరణ కింది వ్యక్తిగత స్వేచ్ఛలో భాగమని ప్రకటించడంతో, జూన్ నాటికి పాస్‌పోర్టుల చట్టం చేయక తప్పలేదు.

సాధారణ చరిత్రలు దాటవేసే అంశం ఈ చట్టంలోనే ఉంది. దాని 5వ సెక్షన్ ప్రకారం, దరఖాస్తు అందాక అధికారి అవసరమనుకుంటేనే విచారణ జరిపించాలి. అసలు జరిపించకపోయినా చట్టానికి అభ్యంతరం లేదు. ఆచరణలో మాత్రం పోలీసు విచారణ, అంటే దరఖాస్తుదారు చెప్పిన చిరునామాలో ఉంటున్నాడా, అతని మీద కేసులున్నాయా అని స్థానిక పోలీసుల చేత వాకబు చేయించడం, కొత్త పాస్‌పోర్టుకు మామూలు నియమమైపోయింది. వివరాల పత్రం పాస్‌పోర్టు కార్యాలయం నుంచి జిల్లా ఎస్పీ కార్యాలయానికి, అక్కడి స్పెషల్ బ్రాంచి నుంచి కానిస్టేబులు చేతికి చేరి, అతడు ఇంటికి వచ్చి, ఇరుగుపొరుగువారి సంతకాలు తీసుకుని వెళ్లాక, మళ్లీ అవే మెట్లెక్కి వెనక్కి రావలసి ఉండేది. కాగితం ఏ మెట్టు దగ్గర ఆగిందో దరఖాస్తుదారుకు తెలిసేది కాదు. ఎంక్వయిరీకి వచ్చినవారి చేయి తడపడం ఖర్చుల్లో ముందే లెక్కవేసుకునే అలవాటు, గల్ఫ్ వీసా గడువు ముంచుకొస్తున్న కరీంనగర్, నిజామాబాద్, కడప జిల్లాల కూలీలు దళారులను ఆశ్రయించడం ఈ చీకటిలోంచి పుట్టినవే.

తత్కాల్ పథకం ఈ వాదనకు గట్టి సాక్ష్యం. అదనపు రుసుముతో పాటు, దరఖాస్తుదారు తనకు తెలుసునని ఒక ఉన్నతాధికారి ఇచ్చిన ధ్రువపత్రం ఉంటే, పుస్తకం చేతికిచ్చిన తరువాతే పోలీసు విచారణ జరిపేవారు. అదే కార్యాలయం, అదే సిబ్బంది, అదే ముద్రణ. విచారణ వరుస మారితే చాలు, నెలల పని రోజుల్లో అయ్యేది. కాకపోతే ఆ సౌకర్యం పెద్దవారితో పరిచయం ఉన్నవారికే ఎక్కువగా అందింది.

విచారణ వెనుక భద్రతా కారణాలు లేవని అనలేము. దొంగ పాస్‌పోర్టుల బెడద నిజమైనదే. అయితే మాఫియా నేత అబూ సలేంకు సంబంధించిన కర్నూలు దొంగ పాస్‌పోర్టుల కేసు నిందితుల్లో పోలీసు ఉద్యోగి కూడా ఉన్నాడన్న సంగతి, ఇంటికి వెళ్లి చేసే వాకబు ఎంతవరకు రక్షణ ఇస్తుందో చెబుతుంది.

హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఫర్ స్మార్ట్ గవర్నమెంట్ సలహాలతో రూపొందిన పాస్‌పోర్టు సేవా ప్రాజెక్టు 2008లో ఐటీ కంపెనీ టీసీఎస్ చేతికి వచ్చి, 2012 జూన్ నాటికి 77 కేంద్రాలకు విస్తరించింది. 'ఏ' కౌంటరులో కంపెనీ సిబ్బంది ఫోటో, వేలిముద్రలు తీసుకుంటే, బి, సి కౌంటర్లలో ప్రభుత్వాధికారులు పత్రాలు పరిశీలించి మంజూరు చేసే ఈ పద్ధతి కార్యాలయంలోని అరాచకాన్ని నిస్సందేహంగా తగ్గించింది. కాని తొలి ఏళ్లలో క్యూ కాస్తా ఆన్‌లైన్ స్లాట్ల వేటగా మారింది. పోలీసు విచారణ ఉన్నచోటే ఉంది.

అసలు మలుపు 2016లో నిబంధనలు సడలినప్పుడు వచ్చింది. ఆధార్, ఓటరు, పాన్ కార్డులతో పాటు నిర్ణీత అఫిడవిట్ ఇచ్చినవారికి విచారణను జారీ తరువాతికి వాయిదా వేశారు. 1989 జనవరి 26న గాని ఆ తరువాత గాని పుట్టినవారు జనన ధ్రువపత్రమే తేవాలన్న పట్టుదలను ఆ డిసెంబరులో వదిలేశారు. నోటరీ స్థానంలో స్వీయ ప్రకటన వచ్చింది. 2017 నుంచి తపాలా కార్యాలయాల్లో కేంద్రాలు, 2018లో మొబైల్ యాప్, దేశంలో ఎక్కడినుంచైనా దరఖాస్తు చేసే వీలు ఈ సడలింపుల మీద నిలిచినవే. యంత్రం పాత్రను కాదనడానికి లేదు: తెలంగాణ పోలీసులు 'వెరిఫాస్ట్' యాప్‌తో విచారణను వేగవంతం చేసి పేరు తెచ్చుకున్నారు. అయినా ఆ యాప్ ఫలించింది సరిగ్గా పాత జబ్బు ఉన్న చోటనే.

నేటి పరిస్థితి మెరుగే గాని, నిశ్చింతగా ఉండదగినది కాదు. 2023 అక్టోబరు 1న గాని ఆ తరువాత గాని పుట్టినవారికి జనన ధ్రువపత్రం ఒక్కటే ఆధారమన్న నిబంధన 2025లో తిరిగి వచ్చింది. నమోదు సక్రమంగా జరగని పల్లెల్లో, పేదల ఇళ్లలో దాని బరువు ముందు ముందు తెలుస్తుంది. అంతకన్నా పెద్ద లోపం లెక్కలోనే ఉంది: పాస్‌పోర్టు జారీకి ప్రకటించే గడువులు పోలీసు విచారణ కాలాన్ని మినహాయించి చెప్పేవి, స్లాటు కోసం వేచిన రోజులు వాటిలో కనిపించవు. దరఖాస్తు సమర్పించిన నాటి నుంచి పుస్తకం ఇంటికి చేరే నాటి వరకు పట్టిన మొత్తం కాలాన్ని జిల్లాలవారీగా ప్రకటించనంత వరకు, పాస్‌పోర్టు వేగం గురించి ప్రభుత్వం చెప్పే అంకెలను సగం లెక్కగానే తీసుకోవాలి.